హైదరాబాదు నుండి జిద్దాకు: దూరము, కాలము, ముసాఫిరు విధులు

హజ్జ్‌కు గాని ఉమ్రాకు గాని బయలుదేరే వారు మొట్టమొదట అడిగే ప్రశ్న సాధారణంగా ఒకటే: విమానం ఎన్ని గంటల్లో చేరుతుంది? దానికి జవాబు టిక్కెట్టు మీదనే ఉంటుంది. కాని నమాజు, ఉపవాసం, ఇహ్రామ్ అనే మూడు విధులు ఆ గంటల లెక్క ఒక్కదానితో తేలేవి కావు. ప్రయాణంలో నమాజును తగ్గించడానికి దూరం చూడాలి. నమాజు వేళలకూ ఇఫ్తారుకూ సూర్యుణ్ణి చూడాలి. ఇహ్రామ్‌కు భూమి మీద నిర్ణయించబడిన ఒక హద్దును చూడాలి. కాలినడక, ఒంటె, తెరచాప ఓడ ఉన్న రోజుల్లో ఇవి ఒకదాని వెనుక ఒకటి నెమ్మదిగా ఎదురయ్యేవి. విమానంలో ఆరు గంటల లోపున మూడూ వచ్చి మీద పడతాయి. ఈ సంగతి తెలియని యాత్రికుడు ఒక ఉపవాసాన్ని తిరిగి పాటించవలసి రావచ్చు. హద్దు దాటిపోయి ఒక మేకను దమ్‌గా ఇచ్చుకోవలసి రావచ్చు. కావున ఈ దూరకాలాల విషయం కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం.

దూరం ఎంత, కాలం ఎంత?

శంషాబాదు విమానాశ్రయం నుండి జిద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గర దారి కొలిస్తే సుమారు 4,130 కిలోమీటర్లు; మైళ్ల లెక్కలో దాదాపు 2,570. జెట్ విమానం పైకెక్కి నిలదొక్కుకున్న తరువాత గంటకు 850 కిలోమీటర్లకు అటూ ఇటూగా పోతుంది. భాగించి చూస్తే ఐదు గంటలు కూడా పట్టకూడదు. కాని వాస్తవానికి పట్టేది ఐదున్నర నుండి ఆరు గంటలు. రన్‌వే చేరడానికి కొంత సమయం పోతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ. ఆకాశంలో కూడా విమానాలకు నిర్ణీత మార్గాలుంటాయి, అవి గీత గీచినట్టు తిన్నగా ఉండవు. వీటన్నిటికీ మించినది గాలి. ఆ ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. పోయేటప్పుడు అవి ఎదురుగాలి, వచ్చేటప్పుడు వీపుగాలి. అందువలననే తిరుగు ప్రయాణం దాదాపు ఐదు గంటల్లో ముగుస్తుంది. దూరం అదే, కాలం వేరు. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ధర్మవేత్తల చర్చ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆరు గంటలు అనేది కూడా పూర్తి లెక్క కాదు. నాంపల్లి హజ్ హౌస్‌లో హాజరు కావడం, సామాను తూకం, విమానాశ్రయంలో తనిఖీలు, జిద్దాలో పాస్‌పోర్టుల వరుస, ఆపైన మక్కాకు దాదాపు 80 కిలోమీటర్ల బస్సు ప్రయాణం, ఇవన్నీ కలిపితే ఇల్లు వదిలినది మొదలు హరం చేరేవరకు దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోతుంది. విమాన ప్రయాణంలో కష్టమే లేదనేవారు వృద్ధురాలైన తల్లిని వెంటబెట్టుకొని ఒక్కసారి పోయివస్తే ఆ మాట అనరు.

అయినా వెనుకటి ప్రయాణాలతో దీనికి పోలిక లేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుండి ఎర్రసముద్రపు రేవులకు ఓడలు నడిచేవి. అవి రుతుపవనాల మీద ఆధారపడినవి. ఒక గాలితో పోయి మరొక గాలి తిరిగేవరకు అక్కడ ఆగవలసిందే. కావున హజ్జ్ ప్రయాణం నెలల మీద నడిచేది. యాత్రికుల రాకపోకల వలన పడమటి తీరంలోని సూరత్‌కు బాబుల్ మక్కా, అనగా మక్కా ద్వారం, అని పేరు వచ్చింది. ఆవిరి ఓడలు వచ్చిన తరువాత మన ప్రాంతం వారు రైలులో బొంబాయి చేరి, అక్కడ ఓడ ఎక్కేవారు. జిద్దాకు వారం నుండి పది రోజులు పట్టేది. దీనికితోడు 1882 నుండి చాలా దశాబ్దాలపాటు ఎర్రసముద్రంలోని కమరాన్ ద్వీపంలో యాత్రికులను దింపి, అంటురోగాల భయంతో కొన్ని రోజులు నిలిపివేసేవారు. బొంబాయి నుండి హజ్జ్ ఓడలు 1995లో ఆగిపోయాయి. ఆ ఓడల మీద పోయివచ్చిన వృద్ధులు మన బస్తీల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వారికి ప్రయాణం అంటే సముద్రం, వాంతులు, డెక్కు మీద జమాఅత్ నమాజు. వారి మనుమలకు ప్రయాణం అంటే కిటికీ పక్క సీటు. ఇద్దరికీ ధర్మశాస్త్రం ఒకే ముసాఫిరు పేరు ఎలా పెట్టిందనేది ఆలోచించదగిన ప్రశ్న.

మజిలీ లెక్క

ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండు రకాతులు చేయడాన్ని ఖస్ర్ అంటారు. దివ్య ఖుర్ఆన్‌లో నిసా సూరా 101వ ఆయతు దీనికి మూలం. ఆ ఆయతులో శత్రుభయం ప్రస్తావన ఉన్నది. మరి భయం తొలగిపోయాక కూడా తగ్గింపు ఎందుకని యఅలా బిన్ ఉమయ్యా (రజి) హ. ఉమర్ (రజి)ను అడిగారు. తనకూ అదే సందేహం కలిగిందనీ, దైవప్రవక్త (స)ను అడుగగా ఇది అల్లాహ్ ప్రసాదించిన దానమని, దానిని స్వీకరించమని సెలవిచ్చారనీ హ. ఉమర్ (రజి) తెలిపిన విషయం సహీహ్ ముస్లింలో ఉన్నది. కారణం తొలగినా దానం మిగిలిందని దీని భావం. విమానయుగానికి ఈ హదీసు ఎంత అవసరమో ముందు తెలుస్తుంది.

ఎంత దూరం పోతే ముసాఫిరు అవుతాడు? హనఫీ ధర్మవేత్తలు మూడు దినాల ప్రయాణం అన్నారు. అది కూడా సంవత్సరంలో అతి పొట్టి పగళ్ల లెక్కన, కాలినడకన గాని ఒంటె మీద గాని, మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ, పొద్దు వాలేవరకు సాగే మామూలు నడక. షాఫియీ, మాలికీ, హంబలీ ధర్మవేత్తలు రెండు మర్హలాలు అన్నారు. అనగా నాలుగు బరీదులు, పదహారు ఫర్సఖులు, నలభై ఎనిమిది హాషిమీ మైళ్లు. మర్హలా అంటే ఒకనాటి నడక. మన తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. మనం మజిలీ అంటున్నది అరబ్బీ మన్‌జిల్ అనే మాటనే. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో దారి పొడుగును కథలతో, విడుదులతో లెక్కించినట్టే, పూర్వులందరూ దూరాన్ని దినాలతో కొలిచారు. దూరమూ కాలమూ అప్పుడు రెండు కావు, ఒకే కొలతకు రెండు పేర్లు.

మైళ్ల రాళ్లు, రైళ్లు వచ్చాక ఆ కొలత విడిపోయింది. ఉపఖండపు హనఫీ ధర్మవేత్తలు మూడు దినాల నడకను మైళ్లలోకి మార్చవలసి వచ్చింది. ఎక్కువమంది 48 ఇంగ్లీషు మైళ్లు, అనగా 77 కిలోమీటర్లకు కొంచెం పైన, అని నిర్ణయించారు. బరేలీ ధర్మవేత్తల లెక్కలో అది 57½ మైళ్లు, అనగా దాదాపు 92 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి భువనగిరికి పోయినవాడు ఏ లెక్కన చూచినా ముసాఫిరు కాడు. వరంగల్లుకు పోయినవాడు ఏ లెక్కన చూచినా ముసాఫిరే. జిద్దా విషయంలో సందేహానికే తావు లేదు. 4,130 కిలోమీటర్లు అంటే, 48 మైళ్లను మూడు దినాల నడకగా పట్టుకుంటే, నూట అరవై దినాల నడక.

చిక్కు దూరంలో లేదు, కాలంలో ఉన్నది. వరంగల్లుకు నేడు రైలులో రెండు మూడు గంటలు. మూడు దినాల ప్రయాణం అన్నారు కదా, రెండు గంటల ప్రయాణానికి ఆ సడలింపు ఎట్లా వర్తిస్తుందని చదువుకున్న యువకులు అడుగుతూ ఉంటారు. ఇది విమానాలు వచ్చాక పుట్టిన ప్రశ్న అని వారు అనుకుంటారు. నిజానికి ఇది చాలా పాతది. మామూలు నడకన మూడు దినాల దూరాన్ని గుర్రం మీద దౌడు తీసి రెండు దినాల్లో ముగించినవాడు ఖస్ర్ చేస్తాడని హనఫీ గ్రంథాలలో స్పష్టంగా ఉన్నది. ఇమామ్ నవవీ (మరణం 1277) తన మిన్హాజ్ గ్రంథంలో సముద్రం కూడా నేల వంటిదేననీ, అన్ని మైళ్లనూ ఓడ ఒక్క గంటలో దాటించినా ఖస్ర్ ఉంటుందనీ తేల్చారు. ఆయన కాలంలో ఏ ఓడా గంటలో నలభై ఎనిమిది మైళ్లు పోలేదు. జరగని విషయాన్ని ఊహించి సూత్రాన్ని పరీక్షించడం ధర్మవేత్తల అలవాటు. ఏడు శతాబ్దాల తరువాత ఆ ఊహే మన నిత్యజీవితమైంది.

దీని వెనుక ఉన్న సూత్రం తెలుసుకోవాలి. ధర్మశాస్త్రంలో ఇల్లత్ వేరు, హిక్మత్ వేరు. ఆదేశం దేనిపై ఆధారపడి ఉంటుందో అది ఇల్లత్. ఆ ఆదేశంలో దాగిన మేలు హిక్మత్. ఖస్ర్‌కు ఇల్లత్ ప్రయాణం. కష్టాన్ని తేలిక చేయడం హిక్మత్. కష్టమే ఇల్లత్ అయితే ఎండలో బస్తాలు మోసే హమాలీ ఇంటివద్ద ఉండగానే రెండు రకాతులు చేయాలి. పల్లకీలో పోయే నవాబు నాలుగూ చేయాలి. కష్టాన్ని తూచే త్రాసు ఎవరి దగ్గరా లేదు. దూరాన్ని మాత్రం అందరూ కొలవగలరు. అందుకే ఆదేశాన్ని దూరానికి కట్టారు.

అయితే ఈ సూత్రాన్ని అందరూ మారుమాట లేకుండా ఒప్పుకున్నారని అనలేము. వలీలకు కరామత్ వలన భూమి చుట్టచుట్టుకొని క్షణంలో దూరం దాటే సంగతి కథల్లో వింటాం. అటువంటివాడు ఖస్ర్ చేస్తాడా అని హనఫీ పండితుడు ఇబ్నుల్ హుమామ్ (మరణం 1457) ఫత్‌హుల్ ఖదీర్‌లో ప్రశ్నించారు. కష్టం కలిగే అవకాశమే అక్కడ లేదు గనుక ఖస్ర్ అనడం ఆయనకు సమంజసంగా తోచలేదు. విమానం వలీ కరామత్ వంటిదే కదా అని ఆ వాక్యాన్ని పట్టుకొని వాదించేవారున్నారు. కాని విమానంలో ఆరు గంటలు కూర్చోవడం క్షణంలో దాటడం కాదు. వేగంగా పరిగెత్తిన గుర్రానికే అది దగ్గర. మరొక వైపు ఇబ్ను తైమియా (మరణం 1328) మైళ్ల లెక్కను ఒప్పుకోలేదు. జనం దేనిని ప్రయాణం అంటారో అదే ప్రయాణం అన్నారు. ఆయన మాట ప్రకారం చూచినా జిద్దా ప్రయాణం ప్రయాణమే. సూట్‌కేసులు కట్టి, బంధువుల దగ్గర సెలవు తీసుకొని, దేశం దాటిపోయేదానిని ఎవరు మాత్రం ప్రయాణం కాదంటారు?

ఖస్ర్ ఎక్కడ మొదలవుతుందనేది హైదరాబాదు వారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ప్రశ్న. హజ్జ్‌కు బయలుదేరిన దైవప్రవక్త (స) మదీనాలో జుహ్ర్ నాలుగు రకాతులు, జుల్ హులైఫాలో అస్ర్ రెండు రకాతులు చేశారని హ. అనస్ (రజి) తెలిపారు. జుల్ హులైఫా మదీనాకు చాలా దగ్గర. దీనివలన, గమ్యం దూరమైనదైతే, ఊరి కట్టడాలు దాటగానే ఖస్ర్ మొదలవుతుందని తెలుస్తుంది. బేగంపేట విమానాశ్రయం ఉన్నన్నాళ్లు ఇబ్బంది లేదు, అది నగరం నడిబొడ్డు. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాదుకు మారింది. అప్పట్లో దారిలో పొలాలు, రాళ్లగుట్టలు ఉండేవి. నేడు ఇళ్లు, దుకాణాలు చాలావరకు కలిసిపోయాయి. కట్టడాలు తెగకుండా సాగినంతమేర నగరమేనన్న సూత్రం ప్రకారం నగరవాసి అక్కడ పూర్తి నమాజు చేయడమే సరియైనదని నాకు తోస్తుంది. మధ్యలో ఖాళీ ఉన్నదని భావించేవారు ఖస్ర్ అంటారు. సందేహం తీరని వారికి ఒక సులువైన దారి ఉన్నది: స్థానిక ఇమాము వెనుక జమాఅత్‌తో నమాజు చేస్తే ముసాఫిరు అయినా నాలుగు రకాతులే చేయాలి, కావున ప్రశ్నే రాదు. మక్కా చేరిన తరువాత ఎన్ని దినాలు ఉంటే ముఖీం అవుతాడనే విషయంలో హనఫీలది పదిహేను దినాల లెక్క, షాఫియీలది నాలుగు. అది వేరే వ్యాసానికి తగిన విషయం.

సూర్యునితో పందెం

ఇక నమాజు వేళలు. ఇక్కడ దూరం పని చేయదు, చేతి గడియారం కూడా పని చేయదు. మనిషి ఉన్నచోట సూర్యుడు ఎక్కడ ఉన్నాడనేదే ప్రమాణం.

హైదరాబాదు, జిద్దాల రేఖాంశాల మధ్య తేడా దాదాపు 39 డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. కావున జిద్దాలో సూర్యుడు మనకన్న 2 గంటల 37 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. గడియారాల తేడా రెండున్నర గంటలు. మధ్యాహ్నం 1 గంటకు శంషాబాదులో లేచిన విమానం 5 గంటల 45 నిమిషాలు ప్రయాణం చేస్తే జిద్దాలో సాయంత్రం 4.15 అవుతుంది. అంటే ప్రయాణీకుని లెక్కన దాదాపు ఆరు గంటలు గడిచినా, సూర్యుడు మాత్రం మూడు గంటల నడకనే నడిచాడు. జుహ్ర్ వేళ సాగి సాగి దాదాపు ప్రయాణమంతా ఉంటుంది. తొందర లేదు.

తిరుగు ప్రయాణం దీనికి పూర్తిగా వ్యతిరేకం. జిద్దాలో 1 గంటకు లేచి ఐదు గంటలు ప్రయాణం చేస్తే ఇక్కడ రాత్రి 8.30. ఐదు గంటల్లో సూర్యుడు ఏడున్నర గంటల పైచిలుకు నడక నడిచాడు. జుహ్ర్‌కు ఎక్కినవాడు దిగేసరికి అస్ర్, మగ్రిబ్ దాటి ఇషాలో ఉంటాడు. భోజనం పెట్టి, దీపాలు తగ్గించి, అందరూ కునుకు తీసే ఆ వేళలోనే రెండు నమాజులు వచ్చిపోతాయి. నమాజు తప్పిపోయే ప్రమాదం రాకలోనే ఎక్కువ. ఉమ్రా చేసి తృప్తిగా వస్తున్నవాడు గడియారం చూచి ఇంకా ఆరే కదా అనుకుంటాడు. కిటికీ తెర ఎత్తితే చీకటి.

ఇటువంటి చోట బార్కస్‌కు చెందిన ప్రయాణీకుడూ చార్మినార్ పక్కవాడూ ఒకే వరుసలో కూర్చొని కూడా వేర్వేరుగా నడుచుకోవడం చూస్తాం. బార్కస్‌లో స్థిరపడిన హజ్రమౌత్ అరబ్బుల వంశస్థులు షాఫియీలు. ప్రయాణంలో జుహ్ర్, అస్ర్‌లను, మగ్రిబ్, ఇషాలను కలిపి చేయడం వారికి అనుమతమే. హనఫీలకు అరఫాత్, ముజ్దలిఫాలలో తప్ప అలా కలపడం లేదు. అతడు ప్రతి నమాజునూ దాని వేళలో చేయాలి. విమానంలో నమాజు విషయంలో ధర్మవేత్తలు ఓడను ఆధారం చేసుకున్నారు. కదిలే ఓడలో కూర్చొని చేయవచ్చని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ), నిలబడే శక్తి ఉంటే నిలబడే చేయాలని ఆయన శిష్యులిద్దరు అన్నారు. విమానంలో సాధారణంగా వెనుక భాగంలో ఒకరిద్దరు నిలబడే చోటు దొరుకుతుంది. సిబ్బందిని ముందుగా అడిగితే వద్దనరు.

ఉపవాసం ఉన్నవారికి ఎత్తు మరొక చిక్కు తెస్తుంది. పది కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున ఎగిరే విమానం నుండి చూస్తే దిగ్మండలం కిందికి వంగి ఉంటుంది. ఆ వంపు 3 డిగ్రీలకు పైగా. ఫలితంగా కింద నేల మీద సూర్యాస్తమయం అయిన తరువాత ఇంకా పదమూడు, పద్నాలుగు నిమిషాలు పైన సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు. కింది ఊరి ఇఫ్తారు వేళను బట్టి ఖర్జూరం నోట్లో వేసుకుంటే ఉపవాసం భంగమైనట్టే. ఇది కూడా కొత్త ప్రశ్న కాదు. ఇస్కందరియా నగరపు ఎత్తైన దీపస్తంభం మీద ఉన్నవాడు తన కంటికి సూర్యుడు అస్తమించేవరకు ఇఫ్తారు చేయరాదని, కింద నగరవాసులు తమ సూర్యాస్తమయం ప్రకారం చేయవచ్చునని ఇబ్ను ఆబిదీన్ గ్రంథంలో ఉన్నది. 2011లో దుబాయి ముఫ్తీ బుర్జ్ ఖలీఫా పై అంతస్తులవారు రెండు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తారు చేయాలని చెప్పినప్పుడు పత్రికలు వింతగా రాశాయి. ఆయన చెప్పింది దీపస్తంభం మాటనే.

దిగ్మండలం ఇలా వంగుతుందని తెలిసి, దానితో భూగోళాన్నే కొలిచినవాడు అల్ బిరూనీ. నేటి పాకిస్తాన్ పంజాబులోని నందన కోట వద్ద ఒక కొండ ఎత్తు కొలిచి, శిఖరం నుండి దిగ్మండలపు వంపు 34 కలలు, అనగా డిగ్రీలో అరవయ్యో భాగాలు ముప్పై నాలుగు, అని చూచి, దానినుండి భూమి వ్యాసార్థాన్ని నేటి కొలతకు చాలా దగ్గరగా రాబట్టాడు. ఆ కొండ మీద 34 కలలుగా ఉన్నదే విమానం ఎత్తున దాదాపు 200 కలలు. క్రీ.శ. 1025లో ముగించిన తహ్దీద్ అనే గ్రంథంలో ఆయన బగ్దాదు నుండి గజ్నీ వరకు బిడారు దారుల ఫర్సఖులను తీసుకొని, దారి వంకలకు కొంత తగ్గించి, ఊరూరి అక్షాంశాలతో సరిచూస్తూ గజ్నీ రేఖాంశాన్ని రాబట్టాడు. ఎందుకు? గజ్నీ ఖిబ్లా దిశను నిర్ణయించడానికి. రెండు దూరపు నగరాల మధ్య దూరాన్ని ఇంత శ్రద్ధగా లెక్కించడానికి ఆయనను పురికొల్పిన వాటిలో నమాజు కూడా ఒకటి.

ఖిబ్లా గురించి ఒక మాట. హైదరాబాదు ఖిబ్లా నేరుగా పడమర కాదు, పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నది. చదునైన పటం మీద స్కేలుతో గీత గీస్తే 6 డిగ్రీలే వస్తుంది. గోళం మీది దగ్గర దారికీ పటం మీది గీతకూ ఉన్న తేడా ఇది. దూరం పెరిగేకొద్దీ ఈ తేడా విపరీతమవుతుంది. షికాగోలో స్థిరపడిన మన హైదరాబాదీలకు ఖిబ్లా ఈశాన్యం. మక్కా ఆగ్నేయాన ఉన్నట్టు పటంలో కనబడుతుంది కదా అని అక్కడ చాలాకాలం వివాదం నడిచింది. జిద్దా పోయే మన విమానంలో మాత్రం ఆశ్చర్యకరమైన సౌకర్యం ఉన్నది. జిద్దా మక్కాకు పడమట దగ్గరలోనే ఉన్నందున, మన దిక్కు నుండి పోయే విమానం ముక్కు దారిపొడుగునా దాదాపు ఖిబ్లా వైపే ఉంటుంది. మార్గం కొంచెం వంగినా, 45 డిగ్రీల లోపు తేడా నమాజును చెరపదు. పోయేటప్పుడు విమానం ముందు వైపు, వచ్చేటప్పుడు తోక వైపు తిరగాలని గుర్తుంచుకుంటే చాలు.

నెల లెక్క కూడా ఒక్కొక్కసారి తిరగబడుతుంది. సౌదీలో రమజాను మనకన్న ఒకరోజు ముందు మొదలవడం మామూలే. ఇక్కడ మొదలుపెట్టి అక్కడ ఈద్ చేసుకున్నవానికి 28 ఉపవాసాలే కావచ్చు. అతడు తరువాత ఒకటి పూర్తి చేసుకోవాలి. అక్కడ మొదలుపెట్టి ఇక్కడికి వచ్చినవానికి 31 రావచ్చు, ఇక్కడివారితోపాటు ఉండవలసిందే.

గాలిలో మీఖాత్

అన్నిటికన్న నష్టం తెచ్చేది ఇహ్రామ్ విషయంలో అజాగ్రత్త. మక్కాకు నలువైపులా ఉన్న మీఖాత్ హద్దులను ఇహ్రామ్ లేకుండా దాటకూడదు. మదీనా దారిలో జుల్ హులైఫా, సిరియా దారిలో జుహ్ఫా, నజ్ద్ దారిలో ఖర్నుల్ మనాజిల్, యెమెన్ దారిలో యలమ్‌లమ్, ఇరాక్ దారిలో జాతు ఇర్ఖ్. ఓడల కాలంలో మనవారి మీఖాత్ యలమ్‌లమ్. ఓడ దాని ఎదురుగా వచ్చే ముందు భోంపా ఊది చెప్పేవారు. స్నానానికి, బట్టలు మార్చడానికి కావలసినంత వ్యవధి ఉండేది. ఆ అలవాటు కొద్దీ మా మీఖాత్ యలమ్‌లమ్ అని నేటికీ కొందరు విమానంలో కూడా అంటుంటారు. విమానం తూర్పు నుండి నేల మీదుగా వస్తుంది. అది దాటేది తాయిఫ్ దగ్గరి ఖర్నుల్ మనాజిల్ పరిసరాలను. మక్కాకు ఆ హద్దు 80 కిలోమీటర్ల లోపు. అక్కడి నుండి జిద్దా 150 కిలోమీటర్ల ప్రాంతం. నిమిషానికి పది పన్నెండు కిలోమీటర్లు పోయే వాహనానికి అది ఎంతసేపు?

విమానం సరిగ్గా మీఖాత్ మీదుగా పోకపోతే ఏమిటనే ప్రశ్నకు హ. ఉమర్ (రజి) కాలంలోనే సమాధానం ఉన్నది. కూఫా, బస్రా ప్రజలు ఖర్న్ తమ దారికి దూరమని విన్నవించగా, మీ దారిలో దానికి సమానంగా ఉన్న చోటును చూడమని చెప్పి ఆయన జాతు ఇర్ఖ్‌ను నిర్ణయించారు. పక్కనుంచి పోయినా, పైనుంచి పోయినా సూత్రం ఒకటే. యెమెన్ నుండి సముద్రం మీదుగా వచ్చేవారు జిద్దాలో ఇహ్రామ్ కట్టవచ్చునని ఇబ్ను హజర్ హైతమీ (మరణం 1567) అన్న మాట వాస్తవమే. యలమ్‌లమ్, జిద్దా రెండూ మక్కాకు రెండేసి మజిలీలన్నది ఆయన ఆధారం. సముద్రం మీద వచ్చే ఓడ ఆ హద్దుకు లోపలికి పోకుండానే జిద్దా చేరుతుంది. తూర్పు నుండి వచ్చే విమానం హద్దును దాటి లోపలికి వచ్చి, మళ్లీ జిద్దాకు పోతుంది. రెంటికీ పోలిక లేదు. 1986 అక్టోబరులో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా విమానంలో వచ్చేవారు మీఖాత్‌కు సమానమైన చోటనే ఇహ్రామ్ పాటించాలని తీర్మానించింది.

ఆచరణలో సులువైన పద్ధతి ఇది. స్నానం, ఇహ్రామ్ వస్త్రాలు ఇంటివద్ద గాని హజ్ హౌస్‌లో గాని ముగించుకోవాలి. వస్త్రాలు కట్టినంత మాత్రాన ఇహ్రామ్ కాదు. నియ్యత్, తల్బియాతోనే అది మొదలవుతుంది. విమానం ఆలస్యమై రాత్రంతా ఆగవలసి వస్తే ఇహ్రామ్ నిషేధాలన్నీ మీద ఉంటాయి గనుక, విమానం ఎక్కి అది లేచిన తరువాత నియ్యత్ చేయడం మేలు. దిగడానికి అరగంట ముందు చేసే ప్రకటన కోసం ఎదురుచూస్తూ నిద్రపోవడం మాత్రం ప్రమాదం. మీఖాత్ రాకముందే ఇహ్రామ్‌లోకి ప్రవేశిస్తే దోషం లేదు. దాటిపోయినవాడు తిరిగి ఏదైనా మీఖాత్‌కు పోయి ఇహ్రామ్ కట్టుకుని రావాలి. లేకుంటే దమ్ ఇవ్వాలి. ఇహ్రామ్ బట్టలను సామానులో వేసి కిందికి పంపినవారు ఏం చేయాలని కూడా అడుగుతుంటారు. ఉన్న బట్టలతోనే నియ్యత్, తల్బియా చేసుకోవాలి, హద్దు దాటనివ్వకూడదు. కుట్టిన బట్టలో ఉన్నంతసేపటికి వేరే పరిహారం ఉంటుంది. అది ఎంతసేపు ధరించాడనేదాన్ని బట్టి మారుతుంది.

విమానం నేరుగా మదీనాకు పోయేదైతే, లేక జిద్దాలో దిగి మొదట మదీనా పోయే ఉద్దేశం ఉంటే, దారిలో ఇహ్రామ్ అవసరం లేదు. వారు మదీనా నుండి మక్కాకు బయలుదేరేటప్పుడు, నేడు అబ్యార్ అలీ అని పిలిచే జుల్ హులైఫాలో ఇహ్రామ్ కట్టుకుంటారు. మీఖాత్‌లన్నిటిలో మక్కాకు అతి దూరమైనది అదే, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా. టిక్కెట్టు మీద మొదటి ఊరు జిద్దా అని ఉన్నదా, మదీనా అని ఉన్నదా అనేది స్నానానికి ముందే చూచుకోవాలి.